వెనక వరస

జెనీవా,
ఫిబ్రవరి 6

పెదనాన్నా, మౌరి. మన పలకరింపు వినేవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరు.

క్షేమంగా చేరాను. నాలుగు విమానాలు మారితే, మూడోదాని దగ్గర నువ్విచ్చిన కల్లుపాకం సీసా లాక్కుని చెత్తబుట్టలో వేశారు. ఎవరి నోటికీ దక్కకుండా పోయింది, అదే నా బాధ. ఇక్కడి చలి గురించి రాస్తే నవ్వుతావు కనుక రాయను. రెండు జతల మేజోళ్ళతో మంచం ఎక్కుతున్నానని మాత్రం తెలుసుకో.

ఉత్తరాలు ఎలా వస్తాయంటే, నేను రాసిన కాగితాన్ని ఫోటో తీసి రాజధానిలో మా ఆఫీసు గుమాస్తాకి పంపుతాను. అతను అచ్చు తీసి మంగళవారం విమానంలో మన ఊరికి వేస్తాడు. నువ్వు రాసిందీ అదే దారిలో నాకు చేరుతుంది. కాబట్టి బద్ధకించకు.

మానవ హక్కుల మండలి సభ ఈ నెలాఖరుకి మొదలవుతుంది. మనలాంటి చిన్న దేశాలకి ఇక్కడ ఆఫీసు పెట్టుకునే స్తోమత లేదని, ఏటా కొందరిని మూడు నెలలకి పిలిపించి, పని నేర్పి, కుర్చీలో కూర్చోబెడతారు. ఈసారి మన దేశం తరఫున నేను. నాతో నేర్చుకుంటున్న వాళ్ళలో లినెయో అని ఒకామె ఉంది. వాళ్ళది లెసోతో. అంతా కొండలే. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదట. మన దేశాన్ని పటంలో చూపిస్తే, "ఈగ వాలిందనుకున్నాను" అంది. నోరు దురుసే గాని మంచి మనిషి.

మొన్న సభాభవనం చూపించారు. మన ఊరి సభాశాల, మనియాబా లాగే ఉంది పెదనాన్నా, ఎవరి చోటు వాళ్ళదే. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చోరు. మనకి వంశాన్ని బట్టి చోటు, ఇక్కడ దేశం పేరు రాసిన పలకని బట్టి. మన పలకని ఎక్కడో పెట్టెలోంచి తీసి, దుమ్ము తుడిచి పెట్టారు. చాలా ఏళ్ళుగా అక్కడ ఎవరూ కూర్చోలేదట. అయినా కుర్చీ గుడ్డ చేతికి తడిగా తగిలింది. కప్పు కారుతోందేమోనని పైకి చూశాను. కారడం లేదు.

ఒక్కో దేశానికి ముందొక కుర్చీ, వెనక రెండు. పెద్ద దేశాల వెనక జనం తిరునాళ్ళలా ఉంటారు. నా వెనక ఎవరున్నారు? ఒకదాని మీద కోటు, ఇంకోదాని మీద సంచీ పెట్టుకున్నాను.

నేను చదవాల్సిన ప్రసంగం రాజధాని నుంచి వచ్చింది. తొంభై సెకన్లు. అందులో మన ఊరి సంగతి ఉంది. సముద్రం మీదికి వస్తున్నందువల్ల బికెరావా ప్రజలు ఊరు ఖాళీ చేయడానికి ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని రాశారు. ఇంత పెద్ద మాట అనుకుని నాతో ఒక్క ముక్కయినా చెప్పలేదేం? నేను పరాయిదాన్నయ్యానా?

నాన్న సమాధి మీద తెల్ల గులకరాళ్ళు కొత్తవి వేయించావా? వేయిస్తే రాయి.

నీ తెరెతియా


బికెరావా,
ఫిబ్రవరి 15

అమ్మా తెరెతియా,

ఉత్తరం అందింది. ముందు ఆ సంచీ తీసెయ్. కోటు కూడా. ఎవరి వెనక వరసా ఊరికే ఉండదు. చిన్నప్పుడు మనియాబాలో నా వెనక్కి పాకుతూ వస్తే మీ నాయనమ్మ చెవి మెలిపెట్టేది, మర్చిపోయావా? మాట్లాడేవాడు ఒక్కడే అయినా చోటు వంశమంతటిదీ. పోయినవాళ్ళు వెనక కూర్చుంటారు. నీకు ఇవన్నీ చాదస్తంగా ఉంటాయి, పట్నం చదువు కదా.

మన ఇంటా వంటా లేనిది, ఆడపిల్ల ముందు వరసలో కూర్చోవడం. పరదేశం కాబట్టి పోనీ అనుకుంటున్నాను. ఇక్కడైతే ఒప్పుకోను.

ఇక్కడ ఈ నెల పోటు బాగా వచ్చింది. చామగుంటల్లోకి ఉప్పునీళ్ళు దిగాయి. దుంపలు కుళ్ళి కంపు కొడుతున్నాయి. పంది ఈసారీ తాడు తెంపుకుని పాస్టరు గారి దోసపాదు తినేసింది. ఆయన ఆదివారం ప్రసంగమంతా తిండిపోతుతనం మీదే నడిపారు, నన్నే చూస్తూ. శ్మశానం పక్కన కట్ట తెగింది. ఏడు సమాధులు పోయాయి. మీ నాయనమ్మది ముందు పోయింది. ఆవిడ ఎప్పుడూ తొందర మనిషే.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సమాధులు పోయిన మర్నాటి నుంచి మనియాబాలో మన చోట్లో నా వెనక చాపలు తడిగా ఉంటున్నాయి. కప్పు మొన్ననే నేయించాం, చుక్క కారదు. పోయిన సోమవారం చూస్తే చాపలు ఎండిపోయి పెళపెళలాడుతున్నాయి. వీళ్ళు లేచి ఎక్కడికి వెళ్ళారా అని బెంగ పెట్టుకున్నాను. మంగళవారం విమానంలో నీ ఉత్తరం వచ్చింది.

ఇక ఒప్పుకోవడం సంగతి. ఎవరు ఒప్పుకున్నారు? పెద్ద పదవి వచ్చిందని మమ్మల్ని అడక్కుండానే మా తరఫున మాట ఇచ్చేశావా? మీ నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. రాయను.

ఉరియామ్


జెనీవా,
ఫిబ్రవరి 24

పెదనాన్నా,

నువ్వు రాసింది చదివి ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఇప్పుడు కోపమే ఉంది. నేను మాట ఇచ్చానా? నేను కాగితం మోసేదాన్ని. గత నవంబరులో రాజధాని నుంచి అధికారులు మన మనియాబాకి వచ్చారు కదా. ఊరు వదలడం మీకు సమ్మతమేనా అని మూడుసార్లు అడిగారట. చిన్న వంశాలన్నీ అటూ ఇటూ మాట్లాడాయట. చివరికి నీ వంతు వచ్చింది. నువ్వు చాప వైపు చూస్తూ కూర్చున్నావు, నోరు విప్పలేదు. "మౌనం అర్ధాంగీకారం" అని రాసుకుని వచ్చేశామని మా పైఅధికారి ఫోనులో చెప్పారు. మూడుసార్లు అడిగినా ఉలకని వాడివి, ఇప్పుడు నా మీద విరుచుకుపడతావేం?

అక్కడ నోరు విప్పకపోతే ఏమవుతుందో నీకు తెలుసా? ఈ సభలో ఆ మాట ఒకసారి నా నోట పడితే రికార్డుకెక్కుతుంది. అప్పుడు మనది ఒప్పుకున్న ఊరు. బడి ఎత్తేస్తారు, నర్సుని తీసేస్తారు, పడవ ఆపేస్తారు. బలవంతంగా పంపారని రేపు ఎవరూ అనడానికి ఉండదు. ఆ నేలా, ఆ సముద్రమూ మావి అనే హక్కు కూడా ఆ ఒక్క ముక్కతో పోతుంది. నాకిచ్చిన తేదీ మార్చి 16. ఇంకా ఇరవై రోజులుంది. నువ్వు నిజంగా ఒప్పుకున్నావా లేదా, సూటిగా రాయి.

సంచీ తీసేశాను. నువ్వు చెప్పావని కాదు. నీ ఉత్తరం రాకముందే అది రెండుసార్లు కింద కనిపించింది. మూడోసారి కోటు కూడా మడతపెట్టి కింద ఉంది. చక్కగా, నాయనమ్మ మడతపెట్టినట్టు నాలుగు మడతలు. లినెయో ఆట పట్టిస్తోందనుకుని దెబ్బలాడాను కూడా.

ఆమె ఏమందో చెబుతాను. అదే నన్ను పట్టుకుంది. "నీ వెనక కూర్చునే పెద్దావిడ ఎవరు? మెడలో బ్యాడ్జి లేదు, కాపలావాళ్ళు ఎలా రానిచ్చారు?" అని అడిగింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఇంకోరోజు ముక్కు ఎగబీలుస్తూ, "నీ దగ్గర ఎప్పుడూ ఈ వాసనేమిటి? ఉప్పగా, కుళ్ళిన ఆకులా?" అంది. ఆమెకి తెలియదు గాని నాకు తెలుసు పెదనాన్నా. పోటు తీశాక మన ఒడ్డు వాసన అది.

ఊడ్చేవాళ్ళు ఫిర్యాదు చేశారు, మా తివాచీ మీద రోజూ ఇసుక ఉంటోందని. బయటంతా మంచు. ఇసుక ఎక్కడి నుంచి తేను?

పోయిన సమాధుల వాళ్ళ పేర్లు రాసి పంపు. ఒప్పుకోలేదని నువ్వు రాస్తే, వాటిని ఎలాగైనా ప్రసంగంలో ఇరికిస్తాను. నాన్న సమాధి గురించి అడిగాను, జవాబు రాయలేదు. పంది గురించి మాత్రం తీరిగ్గా రాశావు.

తెరెతియా


బికెరావా,
మార్చి 5

తల్లీ,

ముందు ఉత్తరంలో తొందరపడి మాటలన్నాను. ముసలాడికి చేతిలో పనిలేకపోతే నోటికి పని ఎక్కువవుతుంది. మనసులో పెట్టుకోకు.

మన ఊళ్ళో మాట ఎలా తెగుతుందో నీకు నేర్పకపోవడం నా తప్పే. ఎనిమిదేళ్ళ దాన్ని చదువుకని పంపేశాం, ఎవరు నేర్పుతారు? విను. చిన్న వంశాలు ముందు మాట్లాడతాయి. అరుస్తాయి, తిట్టుకుంటాయి, జోకులు వేస్తాయి. ఆఖరి మాట మన చోటుది. ఒప్పుకుంటే నేను అరచేత్తో తొడ మీద చరుస్తాను. అది అందరికీ వినిపిస్తుంది. ఒప్పుకోకపోతే చాప వైపు చూస్తూ కూర్చుంటాను. కాదని నోటితో అంటే అవతలివాడికి అవమానం, అతిథికి మరీను. అందుకని మనం 'కాదు' అన్న మాటని నోటితో అనం. మా తాత అనలేదు, మా నాన్న అనలేదు. మా నాన్న ఒకసారి తెల్లదొర ముందు పొద్దున్నుంచి పొద్దువాలే దాకా అలా కూర్చున్నాడు. దొర పడవెక్కి పోయాడు.

ఈ అధికార్లు మూడోసారి అడిగి గడియారం చూసుకున్నారు. పడవకి వేళయిందని లేచారు. వాళ్ళూ మనవాళ్ళేననీ, అర్థమయ్యే ఉంటుందనీ నేననుకున్నాను. వాళ్ళు పట్నంలో పుట్టినవాళ్ళని నాకు తట్టలేదు.

ఊరు వదలనని మంకుపట్టు నాకు లేదు తల్లీ. నీళ్ళు నేనూ చూస్తున్నాను. పిల్లలు ఒకనాటికి పోవాల్సిందే. కాని ఎప్పుడు పోవాలో, ఎవరితో, ఎవరిని ఎత్తుకుని పోవాలో మేం చెప్పాలి. అడగకుండా మా నోట్లో మాట పెట్టకూడదు. అంతే నేనడిగేది. కాబట్టి సూటిగా రాస్తున్నాను: ఒప్పుకోలేదు. ఆ ముక్క నువ్వు చదవకు.

పేర్లు అడిగావు. పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద పెట్టి పదిమంది చేతులు మార్చడం నా వల్ల కాదు. ఇప్పటికి పదకొండు సమాధులు పోయాయి, అంతే రాయగలను. ప్రసంగం మార్చి చదివితే నీ ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. ఎదురు చెప్పడానికి నీకు నోరు రాకపోతే బాధపడకు. మనవాళ్ళలా కూర్చో.

ఆ పెద్దావిడ ఏ చెవి వెనక పువ్వు పెట్టుకుందో ఆ కొండల పిల్లని అడుగు. ఎడమవైపు అయితే మీ నాయనమ్మే. భయపడకు. ఆవిడ నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో.

చాపలు ఇంకా పొడిగానే ఉన్నాయి. మనియాబాలో ఒక్కణ్ణీ కూర్చుంటే వెనక చలివేస్తోంది.

పెదనాన్న


జెనీవా,
మార్చి 18

పెదనాన్నా,

ఎడమ చెవి. లినెయోని అడిగితే ఆలోచించకుండా చెప్పింది.

మొన్న పదహారో తారీఖున ఏం జరిగిందో వరసగా రాస్తాను. వరస తప్పితే నాకే నమ్మకం కుదరదు.

నా చేతిలో రాజధాని కాగితమే ఉంది. పక్కన ఇంకో కాగితం మీద 'ఒప్పుకోలేదు' అని రాసుకున్నాను. ఏది చదవాలో మన దేశం పేరు పిలిచే దాకా తేల్చుకోలేదు. రాజధానిలో అమ్మ మందులు నా జీతం మీద నడుస్తున్నాయి, నీకు తెలుసు. పేరు పిలిచారు. మీట నొక్కాను. మైకు చివర ఎర్రదీపం వెలిగింది. ముందున్న తెర మీద తొంభై అంకె కనపడి ఎనభై తొమ్మిదయింది.

నాకు గొంతు రాలేదు. భయం వల్ల అని మొదట అనుకున్నాను. తర్వాత నా అరచేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తల దించి, బల్ల వైపు చూస్తున్నానని తెలిసింది. నువ్వు కూర్చునేది అలాగే. మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నట్టు చల్లగా తగిలింది. తిరిగి చూడలేదు. నాయనమ్మ చెవి మెలిపెడుతుందనిపించింది, నవ్వకు. తొంభై సెకన్లూ అలాగే కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి నేను ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను.

దీపం ఆరింది. అధ్యక్షుడు అందరికీ చెప్పినట్టే ధన్యవాదాలు చెప్పి ఇంకో దేశాన్ని పిలిచాడు. ఎవరూ నవ్వలేదు, గుసగుసలాడలేదు. లినెయో వైపు చూస్తే, చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్ తీసి ఏడుస్తోంది. "ఇలా మాట్లాడతావని ఒక్కసారి కూడా చెప్పలేదే" అంది.

ఇక్కడ గోడల్లో అద్దాల గదులుంటాయి. వాటిలో కూర్చుని, మనం అన్నదాన్ని అప్పటికప్పుడు ఆరు భాషల్లోకి చెప్పేవాళ్ళుంటారు. సభ అయ్యాక వాళ్ళలో ఒకామె పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ పెద్దాయన మీ ఎవరు, అంత నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు మాకు దొరకరు అంది. పక్క గది అతను కాదు, ముసలావిడ అన్నాడు. మూడో అతను దూరంగా నిలబడ్డాడు. తర్వాత మెట్ల దగ్గర నన్ను ఆపి, తనకి మొదటి నుంచి చివరి దాకా చంటిపిల్ల గొంతు వినిపించిందని, పిల్ల అంత స్పష్టంగా ఎలా మాట్లాడిందో అర్థం కాలేదని చెప్పాడు. అతని చేతులు వణుకుతున్నాయి.

రికార్డు పెట్టించుకుని విన్నాను. నాకు అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. లినెయో దాన్ని గాలి అంది. సముద్రం ఎరగని మనిషి.

నిన్న అచ్చు కాగితం ఇచ్చారు. పైన మన దేశం పేరు, నా పేరు. కింద రెండే వాక్యాలు: 'మేము బికెరావా వాళ్ళం, మేము ఒప్పుకోలేదు. మా పేర్లు ఇవి.' ఆ తర్వాత పేర్లు. నువ్వు నాకు పంపని పేర్లు. మొదటిది నాయనమ్మది. నాలుగోది నాన్నది.

అందుకేనా రెండుసార్లు అడిగినా చెప్పలేదు? ఆ తెల్లరాళ్ళు నేనే ఏరాను పెదనాన్నా, పన్నెండేళ్ళప్పుడు, బడి నుంచి ఊరికొచ్చి, ఒక్కొక్కటీ గౌనులో మోసుకొచ్చి. సముద్రం తీసుకుపోయిందని నువ్వు చెబితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఈ పరాయి ఊళ్ళో అచ్చు కాగితం మీద చదువుకోవాల్సి వచ్చింది.

నువ్వు పదకొండు సమాధులన్నావు. ఇందులో పదమూడు పేర్లున్నాయి. పన్నెండోది ఇటోయి. ఆ పేరు గలవాళ్ళు మన వంశంలో ఎవరూ లేరు, అమ్మకి ఫోను చేసి అడిగాను. పదమూడో పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కాగితం జత చేస్తున్నాను, నువ్వే చూడు. పొరపాటని రాయి. అచ్చువాళ్ళ పొరపాటని ఒక్క ముక్క రాస్తే చాలు.

మా పైఅధికారి ఫోనులో గంటసేపు అరిచారు. వచ్చెయ్యమన్నారు. ఉద్యోగం సంగతి వచ్చాక తేలుతుంది. ఏప్రిల్ 11 మంగళవారం విమానంలో ఊళ్ళో దిగుతాను. ఒంట్లో ఎలా ఉంది? నిజం రాయి, పంది గురించి కాదు.

నీ తెరెతియా


బికెరావా,
ఏప్రిల్ 2

అమ్మా తెరెతియా,

కాగితం చూశాను. అచ్చువాళ్ళు తప్పేం చేయలేదు.

మీ నాన్న సమాధి ఫిబ్రవరిలోనే పోయింది. రాయబోయి మూడుసార్లు పంది గురించి రాశాను. రాళ్ళు కొన్ని ఒడ్డున దొరికాయి, పదిహేడు. కొబ్బరి పీచు సంచిలో కట్టి దూలానికి వేలాడదీశాను. అవి నీవి. ఈ సంగతి నీ దగ్గర దాచినందుకు క్షమించు.

ఇటోయి ఎవరో మీ అమ్మకి తెలియదు. ఎవరికీ తెలియదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మకి ఒక ఆడపిల్ల పుట్టి, ఏడ్వకుండానే పోయింది. పేరు పెట్టకముందే పోయిన బిడ్డకి సమాధిరాయి వేయరు. తాత నా చేతికిచ్చి, శ్మశానం చివర పెట్టి రమ్మన్నాడు. పేరు లేకుండా ఎలా పెట్టడమని నేనే ఒక పేరు పెట్టి, చెవిలో చెప్పి, మట్టి కప్పాను. అరవై మూడేళ్ళయింది. ఆ పేరు నా నోటి నుంచి మళ్ళీ బయటికి రాలేదు. ఆ అద్దాల గది అబ్బాయి వణికాడని రాశావు. నేను వణకలేదు. దానికి గొంతు వచ్చిందని తెలిసి, పిల్లాడిలా ఏడ్చాను.

పోయిన బుధవారం రాజధాని అధికార్లు మళ్ళీ వచ్చారు. నీ ప్రసంగం మీద అక్కడెవరో ఊరిని సరిగా అడిగారా అని నిలదీశారట. పాత కాగితం తెచ్చి, ఇది సరిగా రాసుకోలేదు, మళ్ళీ అడుగుతామన్నారు. అడిగారు. నేను చాప వైపు చూస్తూ కూర్చున్నాను. ఈసారి వాళ్ళు గడియారం చూసుకోలేదు. నా వెనక్కి చూసి, మళ్ళీ చూసి, తలలు దించుకున్నారు. పడవ వాళ్ళ కోసం ఆగింది. చివరికి 'బికెరావా ఒప్పుకోలేదు' అని రాసి, అందరికీ చదివి వినిపించి, పాతది అక్కడే చించేశారు. ఎప్పుడు పోవాలో మీరే చెప్పండి, వచ్చి అడుగుతాం అన్నారు. అప్పుడు తొడ మీద చరిచాను. నీ ఉద్యోగం గురించి కూడా అడిగాను. మాట్లాడతామన్నారు, చూద్దాం.

ఆ పూట చాపలు తడిగా ఉన్నాయి. మనవాళ్ళు తిరిగొచ్చారు. ఆ రోజు నుంచి తడి వెనక వరస దాటి నా చాప అంచు దాకా వచ్చింది. నేను పక్కకి జరగలేదు.

పదమూడో పేరు నాదే. నువ్వు రాయలేకపోయావు కాబట్టి నేనే రాస్తున్నాను: ఉరియామ్. దగ్గు నెలన్నరగా ఉంది. నర్సు ఇచ్చిన మందు వేసుకుంటున్నాను, దానికి తెలిసింది అది చేస్తోంది. పేరు ముందే పిలిచారంటే చోటు సిద్ధం చేశారన్నమాట. అడక్కుండా ఖాళీ చేయించడం లేదు కదా, ఇంతకన్నా మర్యాద ఏం కావాలి?

విమానం టిక్కెట్టు ముందుకి జరుపుకోకు. పైకం దండగ. మంగళవారమే రా.

ముందు వరసలో ఆడపిల్ల కూర్చోవడం మన ఇంటా వంటా లేదని రాశాను. ఆ మాట తీసుకుంటున్నాను. అధికార్లు మళ్ళీ అడగడానికి వస్తారు. అప్పుడు మన చోటు ఖాళీగా ఉండకూడదు. తొడ మీద చరవడం నీకు రాదు, చిన్నప్పుడు చూశాను, చప్పుడు రాదు. అరచెయ్యి కొంచెం గిన్నెలా వంచితే వస్తుంది. కూర్చోవడం మాత్రం వచ్చు.

నా చాప ఎడమ అంచున మొగలి ఆకు ఊడింది, కుట్టుకో. తడిగా ఉంటే ఎండలో వేయకు. అలాగే కూర్చో.

పెదనాన్న